సంతకం పెట్టింది మీ చెయ్యే కదా మాస్టారూ

విజయనగరం వైపు నుంచి ఒక మాస్టారు రాశారు. బావమరిది పాడుకున్న చిట్టీకి షూరిటీ సంతకం పెట్టారట, అతను డబ్బు తీసుకుని నాలుగు వాయిదాలు కట్టి చేతులెత్తేశాడు, ఇప్పుడు కోర్టు ఆర్డరుతో ఈయన జీతంలో కటింగ్ పడుతోంది. "అత్తారింట్లో అందరిముందూ అడిగితే కాదనలేకపోయాను, నా తలరాత, మా ఆవిడ మొహం చూస్తేనే ఒళ్లు మండుతోంది, ఆర్నెల్లుగా మాటల్లేవు" అంటున్నారు.

మాస్టారూ, మొదటిసారి చదివినప్పుడు జాలేసింది. రెండోసారి ఒక లైను దగ్గర ఆగిపోయా. "చెప్తే వద్దంటుందని మా ఆవిడకి చెప్పలేదు" అని మీరే రాశారు. వద్దనడం అనేది ఒకటుందని మీకు ఆరోజే తెలుసన్నమాట, తెలిసే దాచారు! సంక్రాంతికి మామగారి ఎదురుగా అడిగాడు, ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది, నేనూ ఒకప్పుడు కొలీగ్ లోనుకి ఇలాగే సంతకం పెట్టి రెండేళ్లు ఏడ్చినవాణ్ణే. కానీ మీరు ఆ పండగరోజు పెట్టలేదు కదా, నాలుగు రోజులాగి, సెలవు పెట్టుకుని, శాలరీ సర్టిఫికెట్ తీసుకెళ్లి మరీ పెట్టొచ్చారు. ఆ నాలుగు రోజుల్లో తలరాత ఏం చేసిందండీ? అల్లుడుగారు ఎంత మంచివాడో అనిపించుకోవాలని మీకు ఉంది, అందులో తప్పులేదు, కానీ దాని బిల్లు సంతకం పెట్టని మనిషికి వేస్తున్నారు.

మోసం చేసింది అతనే, అందులో డౌటు లేదు. కానీ ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ 1872లో 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే, మొహమాటానికి పెట్టానంటే కోర్టు వినదు. అదే చట్టంలో 145వ సెక్షన్ ఉంది చూడండి, మీరు కట్టిన డబ్బు అతని దగ్గర వసూలు చేసుకునే హక్కు మీది, కట్టిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వెయ్యాలి. తలరాత అని కూర్చుంటే ఆ మూడేళ్లూ అయిపోతాయి, అదే నా బాధ. ఇంకోటి, ఇలాంటి అప్పులకి జీతంలో మొదటి 1,000, మిగతాదాంట్లో మూడింట రెండొంతులు జప్తు చెయ్యకూడదు, మీ పే స్లిప్పుతో సరిచూసుకోండి, ఎక్కువ పోతుంటే లాయరుకి చూపించండి.

బావమరిది మీద కేసంటే మళ్లీ అత్తారిల్లు, మళ్లీ మొహమాటం, తెలుసు. వెయ్యాలా వద్దా అన్నది మీ ఇష్టం, వెయ్యకపోతే ఆ డబ్బు మీరే వదులుకున్నట్టు, తర్వాత మళ్లీ ఆవిణ్ణి అనకూడదు. ముందు "నీకు చెప్పకుండా పెట్టాను, తప్పు నాది" అని ఇంట్లో చెప్పండి, "మీ తమ్ముడు" అనే మాట తగిలించకుండా. ఆవిడ తిట్టొచ్చు, తిట్టనివ్వండి.

అన్నట్టు, రెండో బావమరిది బైక్ లోనుకి అడుగుతున్నాడు ఏం చెప్పమంటారు అని చివర్లో రాశారు. నన్నెందుకండీ అడగడం, ఈసారి మీ ఆవిణ్ణి అడగండి.