చీర మడత విప్పి చూపించారా?

ప్రశ్న: మేడమ్, మాది శ్రీకాళహస్తి. ఇంటిల్లిపాదీ కలంకారీ పనిలోనే ఉన్నాం. ఈమధ్య చీరలు, దుపట్టాలు అమ్మడానికి వెబ్‌సైట్ చేయించాం. తెరవగానే పెద్ద పెద్ద బొమ్మలు జరుగుతుంటాయి, ‘ఇంకా రెండే ఉన్నాయి, త్వరపడండి’ అని గడియారం తిరుగుతుంది. చూసేవాళ్లు బాగానే వస్తున్నారు, చీర బుట్టలో కూడా వేస్తున్నారు. తీరా డబ్బు కట్టే దగ్గరికొచ్చి వెళ్లిపోతున్నారు. ఏం మార్చాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: మీరు పంపిన లింకు నా ఫోన్‌లో తెరిచి చూశానమ్మా. రథం మీద కృష్ణార్జునులున్న ఆ నల్లంచు చీర దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కానీ కొందామంటే నాకు తెలియాల్సినవి ఒక్కటీ అక్కడ లేవు. కొంగు మీద ఏం గీశారు? జాకెట్ గుడ్డ చీరలోనే ఉందా? బట్ట కాటనా, సిల్కా? ఉన్నది ఒక్కటే ఫోటో, అదీ మడత పెట్టిన చీర.

తిరుపతి గాంధీ రోడ్డులో ఏ చీరల కొట్టుకైనా వెళ్లండి. మనం అడక్కముందే అబ్బాయి చీర విప్పి, కొంగు తన భుజం మీద వేసుకుని చూపిస్తాడు. మనం అంచు వేళ్లతో నలిపి చూస్తాం, రంగు తేల్చుకోవడానికి గుమ్మం దాకా తెచ్చుకుంటాం. ఈ పనులన్నీ మీ పేజీ చెయ్యాలి. కొంగు పూర్తిగా పరిచి ఒక ఫోటో, అంచు దగ్గర్నుంచి ఒకటి, మనిషి కట్టుకున్నది ఒకటి పెట్టండి. ట్యూబ్‌లైట్ కింద వద్దు, పొద్దున పూట నీడపట్టున తీయండి. ఫిల్టర్లు అసలే వద్దు. సహజ రంగులను ఫిల్టరు మార్చేస్తే పార్సిల్ విప్పినావిడ ‘ఇది నేను చూసిన చీర కాదు’ అంటుంది.

మీ పనికి ఇంకో అవసరం ఉంది. పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ, మీరు కలంతో గీసే కలంకారీ ఫోన్ తెరమీద చూస్తే చాలామందికి ఒకటే. అక్కడి ధర చూసినవాళ్లకు మీ ధర ఎక్కువనిపించడం సహజం. అందుకే ధర పక్కనే ‘చేత్తో గీసింది’ అని రాయండి. కలం గుడ్డమీద కదిలే చిన్న వీడియో పెట్టండి. పాలు, కరక్కాయ రసంలో నానబెట్టిన బట్ట కాబట్టి కొత్తలో కొంచెం వాసన ఉంటుందనీ, విడిగా చన్నీళ్లలో ఉతికి నీడన ఆరేయాలనీ అక్కడే చెప్పండి. ఇవి ముందే తెలిసినవాళ్లు చీర తిప్పి పంపరు.

ఆ గడియారం మాత్రం ఈరోజే తీయించండి. చీరలు నిజంగా రెండే ఉంటే ‘రెండున్నాయి’ అనండి, చాలు. లేని తొందర పుట్టించడం, చివర్లో కొత్త ఖర్చులు బయటపెట్టడం, అడగని వస్తువు బుట్టలో చేర్చడం లాంటి 13 రకాల మాయలను కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో నిషేధించింది. చట్టం సంగతి అటుంచినా, చేత్తో ఇంత కష్టపడి గీసినదాన్ని భయపెట్టి అమ్మడం నాకు బాధగా ఉంది.

ఇక డబ్బు కట్టే దగ్గర. చీర ధర చూసి సరేననుకున్నాక, ఆఖరి పేజీలో కొరియర్ ఖర్చు కలిసింది. నేనైనా అక్కడే ఆగిపోతాను. పిన్‌కోడ్ కొట్టగానే కొరియర్‌తో కలిపి మొత్తం ఎంతో, ఎన్నాళ్లకు వస్తుందో చీర పేజీలోనే కనిపించాలి. ఖాతా తెరవమనీ, పాస్‌వర్డ్ పెట్టమనీ అడగొద్దు. పేరు, ఫోన్, చిరునామా, యూపీఐ చాలు.

జరిగే బొమ్మలూ అక్కర్లేదు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లో అవి వచ్చేలోపే మనిషి వెళ్లిపోతుంది. ఫోటోలను ‘వెబ్‌పీ’ అనే తేలికైన ఫైలు రకంలోకి మార్చి బరువు తగ్గించమని సైట్ చేసిన అబ్బాయికి చెప్పండి.

మీ చిరునామా, వాపసు నియమాలు, ఫిర్యాదులు చూసేవాళ్ల పేరు, ఫోన్ నంబరు సైట్‌లో ఉండాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఫిర్యాదులు చూసేవాళ్లుగా మీ పేరే పెట్టండి. చీర గురించి అడిగితే మీకంటే బాగా చెప్పేవాళ్లు ఉండరు.