నానో మందు నేరుగా క్యాన్సర్ కణంలోకే వెళ్తుందా?

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్లు. అండాశయ క్యాన్సర్ తిరగబెట్టింది. డాక్టర్ గారు లైపోసోమల్ డాక్సోరుబిసిన్ (అతి సన్నని కొవ్వు బుడగల్లో నింపిన కీమో మందు) ఇంజెక్షన్ రాశారు. అది నానో మందు కాబట్టి నేరుగా క్యాన్సర్ కణాల్లోకే వెళ్తుందని, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవని బంధువులు అంటున్నారు. వాళ్లే ఆన్‌లైన్‌లో నానో కర్క్యుమిన్ (పసుపులో ఉండే పదార్థం) చుక్కలు కూడా తెప్పించారు. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ముందు ఆ చుక్కలు ఆపేయండమ్మా. ఎందుకో చివర్లో చెప్తాను.

ఇంజెక్షన్ గురించి అనుమానం వద్దు, ఈ రకం మందుకు అమెరికాలో 1995లోనే అనుమతి వచ్చింది, తిరగబెట్టిన అండాశయ క్యాన్సర్‌లో ఏళ్లుగా వాడుతున్నదే. నాకు అభ్యంతరమల్లా "నేరుగా" అన్న మాట మీదే. నానో రేణువు రక్తంలో పడీ పడగానే అల్బుమిన్, యాంటీబాడీలు, కొవ్వును మోసే ప్రొటీన్లు వచ్చి దానికి అతుక్కుంటాయి. ఈ పూతని ప్రొటీన్ కరోనా అంటారు (ఆ వైరస్‌కీ దీనికీ సంబంధం లేదు, టెన్షన్ పడకండి). హోలీ రోజు తెల్ల చొక్కాతో వీధిలోకి వెళ్లినట్టే, రెండు సందులు దాటేసరికి చొక్కా అసలు రంగేదో ఎవరికీ తెలియదు. మన కణాలకు కనిపించేది కూడా చాలావరకు ఆ పైపూతే.

ఏ ప్రొటీన్ అతుక్కుందన్నదాన్ని బట్టి రేణువు దారే మారిపోతుంది. కొన్ని రకాలు అంటుకుంటే లివర్‌లో, ప్లీహంలో ఉండే రక్షక కణాలు దాన్ని చెత్త కింద లెక్కగట్టి మింగేస్తాయి. అలా జరగడం తగ్గాలనే మీ అమ్మగారి మందు రేణువులకు పెగ్ అనే పాలిమర్ తొడుగు వేస్తారు. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ తగిలించిన రేణువులు కూడా, చుట్టూ రక్తంలోని ప్రొటీన్లు చేరగానే ఆ గుర్తుపట్టే గుణాన్ని పోగొట్టుకున్నాయని 2013లో ఒక పరిశోధన చూపించింది. జంతువుల మీద జరిగిన చాలా ప్రయోగాల ఫలితాల్ని 2016లో కలిపి చూస్తే, ఎక్కించిన నానో రేణువుల్లో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే! మరి ఈ మందు ఎందుకంటారా? మామూలు డాక్సోరుబిసిన్‌తో పోలిస్తే గుండె మీద భారం తక్కువ, అది చిన్న లాభం కాదు. అయినా ఎకో (గుండె స్కాన్) తీయించమంటే మానకండి.

సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయి. మొదటి డోసు ఎక్కుతున్నప్పుడు కొందరికి ముఖం ఎర్రబడి, ఛాతీ పట్టేసి, నడుము నొప్పి, ఆయాసం వస్తాయి. రేణువుల్ని చూసి రక్తంలో రక్షణ పని చేసే కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లు రెచ్చిపోవడం దీనికి ఒక కారణం. అందుకే చాలా నెమ్మదిగా మొదలుపెడతారు, డే కేర్‌లో ఇంటికెళ్లాలని తొందరపెట్టి డ్రిప్ స్పీడు పెంచమనకండి, అమ్మగారికి ఏ మాత్రం తేడాగా అనిపించినా వెంటనే నర్సుకు చెప్పమనండి. తర్వాతి రోజుల్లో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండి, పొట్టు రేగొచ్చు. వేణ్ణీళ్లు, బిగుతు చెప్పులు, చేత్తో బట్టలు ఉతకడం కొన్నాళ్లు మానాలి.

ఇక ఆ చుక్కలు. కడుపులో యాసిడ్, పైత్యరసం, పేగు మీది జిగురు పొర, ఇన్ని దాటాక సీసాలో ఉన్న రేణువు అలాగే మిగులుతుందని ఎవరు చెప్పగలరు? పైగా ఒంటికి ఎక్కువ పట్టేలా చేసిన పసుపు సప్లిమెంట్లతో లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి, మీ అమ్మగారి మందు బయటికి పోవాల్సింది ప్రధానంగా లివర్ నుంచే. కూరలో పసుపు మామూలుగా వేసుకోండి, దానికేం కాదు.

కీమో తర్వాత జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కి చేరితే మాత్రం పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకుండా, ఎంత రాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.