నిన్నటి స్నేహితులకే ఇన్‌చార్జి అయితే

నమస్తే అండీ. రాయగడలో షిఫ్ట్ ఇన్‌చార్జి అయ్యి రెండు నెలలైందని, కలిసి టీ తాగినవాళ్లే ఇప్పుడు మాట వినడం లేదని, ఒడియావాళ్లేమో మీరు తెలుగువాళ్ల పక్షం అంటున్నారని రాశారు.

జయపురంలో నేనూ ఇదే పడ్డాను. ముందు భాష సంగతి చూడండి. 1936లో మన ఊళ్లు ఒడిశాలోకి వచ్చినా ఇళ్లలో తెలుగు పోలేదు, మంచిదే. కానీ పనులు పంచేటప్పుడు మనం తెలుగులో ఏదో అని నవ్వుకుంటే, పక్కనున్న ఒడియా అతనికి తన గురించే అనిపిస్తుంది. ఒక ఫిట్టర్ మొహం మీద చెప్పేదాకా నాకూ తట్టలేదు. పని మాటలు వచ్చీరాని ఒడియాలోనైనా సరే, ఒడియాలోనే చెప్పండి. టీ దగ్గర మీ ఇష్టం.

ఇక, ఆలస్యంగా వస్తూ మాట వినడం లేదని మీరు రాసిన ఆ సీనియర్ సంగతి. అందరి ముందు అరవకండి. పక్కకు పిలిచి, "మంగళవారం అరగంట ఆలస్యంగా వచ్చారు, లైను ఆగింది" అని జరిగిందే చెప్పండి. "మీరెప్పుడూ ఇంతే" అన్నారో, గొడవ మొదలు. పని వచ్చినవాడికీ కొత్తవాడికీ ఒకే తీరు పనికిరాదని హెర్సీ, బ్లాంచర్డ్ అనే మేనేజ్‌మెంట్ నిపుణులు 1969లోనే చెప్పారు. మెషీన్ ఆయనకు మీకంటే బాగా తెలుసు కదా, కొత్త కుర్రాళ్లకు నేర్పే పని ఆయనకే అప్పగించండి.

ఓవర్‌టైం, సెలవుల పట్టిక గోడకు అంటించండి. మీ బావమరిది కూడా అదే షిఫ్టులో ఉన్నాడన్నారు, అతన్ని వేరే షిఫ్టుకు మార్చమని మీరే అడగండి. ఇంట్లో ఓ వారం మొహాలు మాడతాయి, తప్పదు.