ఊలాంగ్ టీలో పూలు కలుపుతారా?

మామూలుగా కలపరు. ఊలాంగ్ అంటే గ్రీన్ టీకి, బ్లాక్ టీకి మధ్యరకం టీ. అందులో వచ్చే పూల వాసన తేయాకులోంచే పుడుతుంది. ఫ్లేవర్ చల్లిన చవక రకాలు, పూలతో వాసన పట్టించిన రకాల సంగతి వేరు.

కోసిన ఆకును కాస్త వాడనిచ్చి, వెదురు చేటల్లో పదేపదే కుదుపుతారు. అంచులు నలిగి ఎర్రబారతాయి. ఆ ఒత్తిడికి ఆకులోని ఎంజైములు పనిచేసి లినలూల్, నెరోలిడాల్ లాంటి సువాసన పదార్థాలు తయారవుతాయి. లినలూల్ మల్లెపూలలోనూ ఉంటుంది. తర్వాత వేడి చేసి ఆ మార్పును ఆపేస్తారు.

చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఫీనిక్స్ కొండల 'మీ లాన్ షియాంగ్' అనే ఊలాంగ్ చూడండి. పేరుకు అర్థం తేనె, ఆర్కిడ్ల పరిమళం. అందులో తేనె లేదు, ఆర్కిడ్ లేదు. సలసల కాగే నీళ్లు పోసి, టీ వంపేశాక గిన్నె మూత వాసన చూస్తే గుప్పుమంటుంది.

జాస్మిన్ టీని చూసి ఊలాంగ్ కూడా అంతే అనుకుంటారు. జాస్మిన్ టీకి మాత్రం నిజంగానే మల్లెమొగ్గల వాసన పట్టిస్తారు.