ముందు ఆ కార్డు సంగతి చూడు చిన్నా

చిన్నా,

నీ మెసేజ్ చదివాను. క్రెడిట్ కార్డు మీద లక్ష, పర్సనల్ లోను మూడు లక్షలు, ఊళ్లో నోటు మీద తెచ్చింది రెండు, ఫోన్ యాప్‌లో ఇంకో ముప్పై వేలు. అన్నీ రాశావుగానీ దేనికి ఎంత వడ్డీయో ఒక్కదానికీ రాయలేదు. బ్యాంకు కౌంటర్ వెనక అన్నేళ్లు కూర్చుని చూసినదాన్ని, అప్పుల్లో ఉన్నవాళ్లు చాలామంది ఇంతే. నెలకు ఎంత కట్టాలో నోటికొస్తుంది, అందులో ఎంత వడ్డీకే పోతోందో తెలీదు.

ఒక కాగితం తీసుకో. అన్ని వడ్డీలూ మన ఊరి లెక్కలో, నూటికి నెలకు ఎన్ని రూపాయలో రాయి. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, అది వింటేనే మీ నాన్న కంగారు పడతాడు. మరి కార్డో? చాలా కార్డులకు మూడున్నర రూపాయల చుట్టుపక్కల ఉంటుంది, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. లక్ష బాకీకి నెలకు 3,500 వడ్డీ, 630 పన్ను. నువ్వు మినిమమ్ డ్యూ, అంటే కనీసం కట్టాల్సింది అని 5,000 కట్టేసి హమ్మయ్య అనుకుంటున్నావే, అందులో అసలుకు పోయింది 870 రూపాయలు! పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకినదానికి గడువేమీ ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నోటు రాయించుకున్న పెద్దాయన్ని మాత్రం వడ్డీ వ్యాపారి అని తిట్టుకుంటాం.

అందుకని ఎక్కువ వడ్డీది ముందు తీరేలా వరస ఇది: ముందు యాప్, తర్వాత కార్డు, ఆ తర్వాత నోటు, ఆఖరున పర్సనల్ లోను. మిగతావాటికి కట్టాల్సినంత కట్టి, చేతిలో మిగిలిన ప్రతి రూపాయీ పైదానికే పోవాలి. యాప్ బాకీ తీర్చడానికి ఇంకో యాప్ తెరిచావంటే ఇక నాకు ఫోన్ చెయ్యకు. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీస్తామన్నా, ఫోటోలు మారుస్తామన్నా భయపడి మళ్లీ కట్టకు, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి, స్టేషన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వు.

కోడలికి చెప్పావా? చెప్పి ఉండవు. చెప్పకుండా ఇది తీరదురా, ఎందుకంటే దీనికున్న దగ్గరి దారి ఆమె చేతిలో ఉంది. బ్యాంకులో బంగారం లోను మామూలుగా రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది, మూడున్నర రూపాయల బాకీని రూపాయి బాకీగా మార్చుకోవడం మంచిదే. కానీ గాజులు ఆమెవి, నువ్వు నోరు తెరిచి అడగాలి, ఆమె సరే అనాలి. ఆ డబ్బు పడిన రోజే కార్డు బాకీ కట్టి, క్లోజ్ చేయమని మెయిల్ పెట్టు. బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి, ఆలస్యం చేస్తే రోజుకు 500 చొప్పున వాళ్లే నీకివ్వాలి. కార్డు ఉంచుకున్నావంటే ఆరు నెలలు తిరిగేసరికి గాజులు బ్యాంకులోనే ఉంటాయి, కార్డూ మళ్లీ నిండుతుంది. ఎన్ని ఇళ్లలో చూశానో.

చిట్టీ పాడి తీర్చేస్తానన్నావు కదా, మొదటి నెలల్లో పాడితే ఎంత వదులుకోవాలో చూసుకో, అదీ వడ్డీయే.

ఊరి నోటు సంగతి. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక తేదీ వేసి చెల్లు రాయించు, డబ్బు అకౌంట్‌లోనే వెయ్యి. మూడేళ్లు దగ్గర పడగానే పాత వడ్డీ అసల్లో కలిపి కొత్త నోటు రాయమంటారు, అలా రాస్తే రేపట్నుంచి వడ్డీకి కూడా వడ్డీ కడతావు. అంతా తీరాక నోటు వెనక్కి తీసుకో, "తర్వాత ఇస్తాలే" అంటే అక్కడే కూర్చో. పర్సనల్ లోనుకి ఎవరైనా ఫోన్ చేసి సగం కట్టి సెటిల్ చేసుకోమంటే ఆశపడకు, నీ అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడితే రేపు ఇంటి లోనుకి వెళ్లినప్పుడు అదే అడ్డం వస్తుంది. మొత్తం కట్టి, బాకీ లేదని కాగితం తీసుకో.

తీరాక ఏం చేయాలో కూడా ఇప్పుడే రాసిపెట్టుకో. ఈఎంఐ కట్ అయ్యే తేదీనే అంత డబ్బూ ఆర్డీలోకి, అంటే నెలనెలా దాచే డిపాజిట్‌లోకి పోయేలా పెట్టు, అది లేని జీతానికి ఇప్పటికే అలవాటు పడి ఉంటావు. ఎవరి లోనుకీ జామీను సంతకం పెట్టకు, బావమరిదైనా సరే. వాళ్లు కట్టకపోతే నువ్వు కట్టాలి, అంతే. పెళ్లిళ్లకు చదివింపుల దగ్గర చెయ్యి కాస్త వెనక్కి లాగు, తక్కువ పెట్టావని నాలుగు రోజులు అనుకుంటారు, అనుకోనీ.

ఆదివారం ఇద్దరూ రండి. నోటు జిరాక్స్, కార్డు స్టేట్‌మెంట్, జీతం స్లిప్ తెచ్చుకో. భోజనం ఇక్కడే.

పెద్దమ్మ