సోర్స్‌ను మ్యాచ్ చేస్తే పరావర్తనం ఆగుతుందా: కొలిచి తెలుసుకునే పద్ధతి

చిరంజీవికి ఆశీస్సులు.

సోర్స్ (సంకేతాన్ని పంపే పరికరం) ఇంపీడెన్స్, అంటే మారే కరెంటుకు అది చూపే అడ్డు, లైన్ ఇంపీడెన్స్‌కు సమానంగా ఉంటే, అంటే మ్యాచ్ అయితే, ట్రాన్స్‌మిషన్ లైన్‌లో (సంకేతాన్ని మోసే కేబుల్‌లో) పరావర్తనాలే, అంటే కొసను తాకి వెనక్కి వచ్చే తరంగాలే, ఉండవని నువ్వు రాశావు. అందులో సగమే నిజం. ఏ సగమో నా మాట మీద నమ్మకుండా నువ్వే కొలిచి తెలుసుకోవాలని నా కోరిక.

ఇందుకు సైన్ తరంగం పనికిరాదు. అది నిలకడకు వచ్చాక వెళ్లే తరంగమూ తిరిగొచ్చే తరంగమూ కలిసే కనిపిస్తాయి కనుక, ఏది ఎప్పుడు పుట్టిందో విడదీసి చూడలేవు. 50 ఓమ్‌ల పల్స్ జనరేటర్ నుంచి 10 నానోసెకన్ల లోపే పైకి లేచి, కొన్ని మైక్రోసెకన్ల పాటు అలాగే నిలిచే స్టెప్‌ను తీసుకో. 20 మీటర్ల 50 ఓమ్‌ల కోయాక్సియల్ కేబుల్‌ను చుట్టగా పెట్టుకుంటే రెండు కొసలూ ఆసిలోస్కోప్ దగ్గరికే వస్తాయి. ఘన పాలిథీన్ ఇన్సులేషన్ ఉన్న కేబుల్‌లో తరంగానికి మీటరుకు సుమారు 5 నానోసెకన్లు పడుతుంది కనుక, ఆ చివరికి చేరడానికి 100, వెళ్లి రావడానికి 200 నానోసెకన్లు అవుతాయి. స్కోప్ ఇన్‌పుట్‌లు 1 మెగాఓమ్‌లో ఉండాలి. వాటిని 50 ఓమ్‌లకు మారిస్తే నువ్వు కొలుస్తున్న లైన్‌కే కొత్త లోడ్ (కరెంటు తీసుకునే భారం) తగిలించినట్టవుతుంది. జనరేటర్‌ను లోడ్ లేనప్పుడు 1 వోల్టు వచ్చేలా అమర్చు.

మొదట దూరపు కొసను ఓపెన్‌గా, అంటే రెసిస్టర్ ఏదీ తగిలించకుండా, వదిలెయ్యి. సోర్స్, లైన్ రెండూ 50 ఓమ్‌లే కనుక సోర్స్ దగ్గర వోల్టేజి వెంటనే 0.5కు చేరి, దాదాపు 200 నానోసెకన్ల తర్వాత 1 వోల్టుకు ఎక్కుతుంది. ఆ రెండో మెట్టే పరావర్తనం. సోర్స్ చక్కగా మ్యాచ్ అయి ఉన్నా అది వచ్చింది. కొసన 25 ఓమ్‌లు పెడితే రెండో మెట్టు 0.33 వోల్టుకు దిగుతుంది, 50 ఓమ్‌లు పెడితే అసలు ఉండదు. పరావర్తనం పుట్టాలా వద్దా, ఎంత పుట్టాలి అన్నది లోడ్, లైన్ తేల్చే విషయం. అందులో సోర్స్‌కు పాత్ర లేదు.

సోర్స్ పాత్ర తిరిగొచ్చిన తరంగంతో మొదలవుతుంది. జనరేటర్ అవుట్‌పుట్‌కు సమాంతరంగా 12 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే సోర్స్ సుమారు 10 ఓమ్‌లకు తగ్గుతుంది. పడిపోయిన వోల్టేజిని మళ్లీ 1 వోల్టుకు పెంచుకుని, ఓపెన్ కొసను చూడు. అది 1.67కు ఎగిరి, 0.56కు పడి, మళ్లీ 1.30కు లేచి, ఇలా ఊగుతూ మెల్లగా 1 వోల్టు దగ్గర కుదురుతుంది. కేబుల్ నష్టాల వల్ల నీకు ఈ ఊపు కొంచెం తక్కువగా రావచ్చు. 50 ఓమ్‌ల సోర్స్‌తోనైతే అదే కొస 100 నానోసెకన్ల వద్ద నేరుగా 1 వోల్టుకు చేరి నిలిచిపోతుంది. మ్యాచ్ అయిన సోర్స్ మొదటి పరావర్తనాన్ని ఆపదు, రెండోదాన్ని పుట్టనివ్వదు.

తిరిగొచ్చిన శక్తి సోర్స్ రెసిస్టర్‌లో వేడిగా మారుతుందని చాలామంది చెబుతారు. ఓపెన్ కొస విషయంలో ఆ మాట ఒప్పుకోకు. 200 నానోసెకన్ల పాటు 10 మిల్లీఆంపియర్ల కరెంటు పారి, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోతుంది కనుక, పరావర్తనం చేరిన క్షణం నుంచి రెసిస్టర్ చల్లబడుతుందే తప్ప వేడెక్కదు. సోర్స్ ఇచ్చిన 2 నానోజౌళ్లలో ఒకటి అప్పటికే రెసిస్టర్‌లో ఖర్చయింది, రెండోది కేబుల్ కెపాసిటెన్స్‌లో (విద్యుదావేశాన్ని నిలవ ఉంచుకునే గుణంలో) నిలిచింది. ఆ కెపాసిటెన్స్ 2 నానోఫారడ్లు. 1 వోల్టు వద్ద అందులో ఉండే శక్తిని నువ్వే లెక్కవేసి సరిచూసుకో.

చివరగా కేబుల్ మధ్యలో, అంటే 10 మీటర్ల వద్ద, టీ కనెక్టర్ (మూడు దారుల జోడింపు) పెట్టి, కొసను ఓపెన్‌గానే ఉంచి కొలువు. అక్కడ వోల్టేజి 100 నానోసెకన్ల పాటు సగంలోనే ఆగి, ఆ తర్వాతే 1 వోల్టుకు చేరుతుంది. అందుకే నీ సర్క్యూట్ బోర్డులో క్లాక్ లైన్ (చిప్‌లకు తాళం వేసే సంకేతం నడిచే తీగ) మధ్యలో కూడా రిసీవర్లు, అంటే సంకేతాన్ని అందుకునే చిప్‌లు, ఉంటే, డ్రైవర్ దగ్గర, అంటే సోర్స్ వైపు, సిరీస్ రెసిస్టర్‌తో మ్యాచ్ చేసి సరిపెట్టుకోకు. లైన్ చివర లైన్ ఇంపీడెన్స్‌కు సమానమైన లోడ్ పెట్టు.