రోలర్ కోస్టర్ ఎక్కడ పుట్టింది? అంత స్పీడులో పట్టాల మీంచి ఎందుకు ఊడిపోదు?

దీని మూలం రష్యా చలికాలంలో ఉంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర చెక్కతో ఎత్తైన వాలు కట్టి, నీళ్లు పోసి గడ్డకట్టించి, దాని మీద జారేవాళ్లు. 1817లో పారిస్‌లో మంచుకు బదులు చక్రాల బళ్లు వచ్చాయి. 1884లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో లమార్కస్ థాంప్సన్ పెట్టిన రైడ్‌కి టికెట్ 5 సెంట్లు. వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్లే, సైకిల్ కూడా దాటేస్తుంది!

నా దృష్టిలో అసలు మలుపు 1919లో రోలర్ కోస్టర్ల డిజైనర్ జాన్ మిల్లర్ తీసుకున్న పేటెంట్. ఈసారి క్యూలో నిలబడ్డప్పుడు బండి చక్రాలు గమనించండి. పట్టా పైన ఒకటి, పక్కన ఒకటి, కింద ఇంకొకటి ఉంటాయి. ఆ కింది చక్రం మిల్లర్ ఆలోచనే. గుట్ట దిగేటప్పుడు బండి గాల్లోకి లేవబోతే, పట్టాకి అడుగునుంచి ఆనుకుని లేవకుండా ఆపేది అదే.